26 ఏళ్లు నిండిన నెలలో ఆరోగ్య బీమా ఎంచుకోవడం

అమెరికాలో తల్లిదండ్రుల ఆరోగ్య బీమాలో పిల్లలు 26 ఏళ్లు నిండేదాకా ఉండవచ్చు. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ చట్టం ఇచ్చిన వెసులుబాటు అది. నాకు 2024 నవంబరులో ఆ వయసు నిండింది. అప్పటికి ఒహాయోలో వైద్య విద్య రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్న ఉద్యోగం డాలస్ దగ్గర. నవంబరు 30 తరువాత తమ బీమాలో నా పేరు ఉండదని ఆయన కంపెనీ నుంచి సెప్టెంబరులోనే ఉత్తరం వచ్చింది. నాకు సంపాదన లేదు, ఖర్చులన్నీ విద్యా రుణంతోనే నడుస్తున్నాయి, చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది. కాబట్టి బీమా లేకుండా ఒక్క నెల కూడా ఉండకూడదని ముందే గట్టిగా అనుకున్నాను.

ఈ ఏడాది ఇద్దరు ముగ్గురు తెలుగు జూనియర్లు ఇదే సంగతి అడిగారు. వాళ్లకు ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

నా ముందున్న దారులు నాలుగు. నాన్న కంపెనీ బీమానే కోబ్రా చట్టం కింద సొంత డబ్బుతో కొనసాగించడం, కళాశాల విద్యార్థి బీమా, ప్రైవేటు బీమా ప్లాన్లను అమ్మే ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో దొరికే ప్లాను, తక్కువ ఆదాయం ఉన్నవారికి రాష్ట్రం నడిపే మెడికెయిడ్. కోబ్రా గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. వయసు దాటిన పిల్లలు 36 నెలల దాకా పాత బీమాలోనే ఉండవచ్చు గానీ, కంపెనీ భరిస్తూ వచ్చిన వాటాతో సహా మొత్తం ప్రీమియం, దాని మీద మరో 2 శాతం మనమే కట్టాలి. నాకు చెప్పిన మొత్తం నెలకు 700 డాలర్లు దాటింది. దాన్ని అక్కడితో వదిలేశాను.

కళాశాల బీమా సంగతి వేరు. అమెరికాలో ఎం.డి. కళాశాలలకు గుర్తింపు ఇచ్చే ఎల్‌సీఎంఈ నిబంధనల ప్రకారం ప్రతి విద్యార్థికీ, విద్యార్థి మీద ఆధారపడినవారికీ ఆరోగ్య బీమా అందుబాటులో ఉండాలి. అందుకే ఆగస్టులో ఫీజు బిల్లులోనే బీమా ప్రీమియం కలిపి పంపుతారు. వేరే బీమా ఉందని గడువులోపు చూపించి మినహాయింపు తీసుకుంటే ఆ మొత్తం తీసేస్తారు. మొదటి రెండేళ్లూ నాన్న బీమా చూపించి మినహాయింపు తీసుకున్నాను. మధ్యలో బీమా పోయినవాళ్లు కూడా చేరవచ్చు, కానీ మా దగ్గర దానికి 30 రోజులే గడువు. ఈ ప్లాను మంచిదే. డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలయ్యే ముందు మన జేబు నుంచి పెట్టవలసిన మొత్తం) తక్కువ, దేశమంతటా నెట్‌వర్క్ ఉంది, ప్రీమియాన్ని విద్యా రుణంలో కలుపుకోవచ్చు. అయితే రుణంలో కలుపుకున్నది వడ్డీతో సహా తీర్చవలసిన డబ్బేనన్న సంగతి మాలో చాలామందికి తట్టదు. రెసిడెన్సీ (డిగ్రీ తరువాత ఆసుపత్రిలో ఉద్యోగిగా చేసే శిక్షణ) ముగిసేదాకా అసలు మీద చెయ్యి పడదు కాబట్టి ఈ రోజు కట్టిన ప్రీమియం మీద ఏళ్ల తరబడి వడ్డీ పేరుకుంటూనే ఉంటుంది. 2026 జూలై 1 నుంచి ఫెడరల్ రుణాలు కొత్తగా మొదలుపెట్టే వైద్య విద్యార్థులకు ఏడాదికి 50,000 డాలర్ల పరిమితి కూడా ఉంటుంది. అప్పుడు ప్రీమియం ఎక్కడి నుంచి కట్టాలన్నది మరింత గట్టి ప్రశ్న అవుతుంది.

నా సమయమంతా తిన్నది మార్కెట్‌ప్లేస్. ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఎవరైనా ప్లాను ఎంచుకోగల కాలం) నవంబరు 1న మొదలై జనవరి 15 దాకా నడిచింది. ఉన్న బీమా పోయినవాళ్లకు దానితో నిమిత్తం లేకుండా, బీమా పోయే తేదీకి ముందు 60 రోజులు, తరువాత 60 రోజులు ప్రత్యేక గడువు ఉంటుంది. నవంబరులోనే ఎంచుకుంటే డిసెంబరు 1 నుంచి కొత్త బీమా మొదలవుతుంది కాబట్టి ఆ తేదీనే లక్ష్యంగా పెట్టుకున్నాను.

ఇండియాలో బీమా తీసుకున్న అలవాటు ఉన్నవారికి ఇక్కడి లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. గుంటూరులో మా తాతయ్యకు ఉన్న పాలసీ 5 లక్షలది. అంటే కంపెనీ 5 లక్షల దాకా ఇస్తుంది, ఆపైన పడే భారం మనది. ఇక్కడ పరిమితి మన జేబుకు ఉంటుంది. నెట్‌వర్క్‌లోని ఆసుపత్రులలో చట్టం చెప్పిన ముఖ్య సేవలకు ఏడాదిలో మనం పెట్టే ఖర్చు ఒక హద్దు చేరిందంటే, ఆ తరువాత బిల్లు ఎంతైనా కంపెనీదే. 2025 ప్లాన్లకు ఒక్క మనిషికి ఆ హద్దు 9,200 డాలర్లు మించకూడదని ప్రభుత్వం నిర్ణయించింది, 2026కు అది 10,600 అయింది. నా లెక్కలో ఒక ప్లానులో ముందుగా చూడవలసిన అంకె ఇదే. నెలవారీ ప్రీమియం మంచి ఏడాదిలో మనకు ఎంత ఖర్చో చెబుతుంది. ఈ హద్దు చెడ్డ ఏడాదిలో ఎంత పోతుందో చెబుతుంది. రుణం మీద బతికే విద్యార్థికి చెడ్డ ఏడాది లెక్కే ముఖ్యం.

ప్లాన్లను బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని నాలుగు మెట్లుగా విడదీస్తారు. సగటున వైద్య ఖర్చులో వరుసగా 60, 70, 80, 90 శాతం ప్లాను భరిస్తుందని దాని అర్థం. మెట్టు ఎక్కేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది. నేను ఒక బ్రాంజ్‌నూ ఒక గోల్డ్‌నూ పక్కపక్కన పెట్టుకుని కాగితం మీద లెక్క వేశాను. బ్రాంజ్‌కు డిడక్టిబుల్ 7,500, ఆ తరువాతి ఖర్చులో సగం నాది, హద్దు 9,200. గోల్డ్‌కు డిడక్టిబుల్ 1,500, ఆ తరువాత పావు వంతు నాది, హద్దు 7,800. అపెండిక్స్ ఆపరేషన్ జరిగి బిల్లు 12,000 డాలర్లు అయిందనుకుందాం. బ్రాంజ్‌లో ముందు 7,500, మిగిలిన 4,500లో సగం 2,250, కలిపితే 9,750. హద్దు 9,200 కాబట్టి అక్కడ ఆగుతుంది. గోల్డ్‌లో 1,500, మిగిలిన 10,500లో పావు వంతు 2,625, మొత్తం 4,125. తేడా 5,075 డాలర్లు. ఆ రెండింటి ప్రీమియంలో తేడా నెలకు 110 డాలర్లు, ఏడాదికి 1,320. ఆపరేషన్ అయిన ఏడాది గోల్డ్ ఎంతో నయం, ఏమీ కాని ఏడాది బ్రాంజ్ నయం. ఇలా ఒక ఊహించిన జబ్బు పేరు పెట్టి లెక్క వేసేదాకా డిడక్టిబుల్, కోఇన్సూరెన్స్ (డిడక్టిబుల్ తరువాతి ఖర్చులో మన వాటా) అనే మాటలు ఎన్నిసార్లు చదివినా నాకు ఒంటబట్టలేదు.

ఇలాంటి లెక్క కొంతవరకు తయారుగానే దొరుకుతుంది. ప్రతి ప్లానుకూ చట్టప్రకారం ఒక సంక్షిప్త పత్రం ఇవ్వాలి. దాని చివరి పేజీలో ముగ్గురు కల్పిత రోగులు ఉంటారు. పెగ్‌కు కాన్పు, జోకు టైప్ 2 మధుమేహం, మియాకు ఎముక విరగడం. వైద్యం మొత్తం ఖర్చు అన్ని ప్లాన్లలోనూ ఒకేలా ఉంటుంది, పెగ్‌కు 12,700, జోకు 5,600, మియాకు 2,800 డాలర్లు. అందులో రోగి వాటా ఎంతన్నదే ప్లానును బట్టి మారుతుంది. నేను చూసిన బ్రాంజ్ ప్లానులో మియా ఖర్చంతా దాదాపు ఆమే భరించవలసి వస్తోంది. చాలామంది మొదటి పేజీ చూసి పత్రం మూసేస్తారు. నన్నడిగితే చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాలి.

ఇంత లెక్క వేశాక దరఖాస్తులో ఆదాయం నింపే పేజీ వచ్చింది. అసలు సంగతి అక్కడ తేలింది. విద్యా రుణం ఆదాయం కిందికి రాదు. ఫీజుకూ పుస్తకాలకూ ఇచ్చే స్కాలర్‌షిప్పు కూడా రాదు. భోజనం, వసతి కోసం ఇచ్చే భాగం మాత్రం ఆదాయమే. నాకు అదీ లేదు. అంటే నా ఆదాయం సున్నా. సున్నా ఆదాయం ఉన్నవారికి మార్కెట్‌ప్లేస్ ప్రీమియంలో సహాయం ఎక్కువ దొరుకుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. వాస్తవం దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆ సహాయం పేదరిక రేఖకు 100 శాతం ఆదాయం నుంచి మొదలవుతుంది. 2025 ప్లాన్లకు ఒంటరి వ్యక్తికి ఆ రేఖ 15,060 డాలర్లు. అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లందరికీ మెడికెయిడ్ దొరుకుతుందన్న నమ్మకంతో చట్టం రాశారు. 2012లో సుప్రీంకోర్టు మెడికెయిడ్ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. ఒహాయో విస్తరించింది, 2014 నుంచి పేదరిక రేఖకు 138 శాతం లోపు ఆదాయం ఉన్న పెద్దవాళ్లకు అక్కడ మెడికెయిడ్ ఉంది. టెక్సస్ విస్తరించలేదు.

దీని అర్థం ఏమిటో నెమ్మదిగా తలకెక్కింది. నేను అమ్మానాన్నల దగ్గర డాలస్‌లో ఉండి చదువుకుంటూ ఉంటే, ఇదే వయసుకు, ఇదే సున్నా ఆదాయానికి, మెడికెయిడ్ ఉండేది కాదు, ప్రీమియంలో సహాయమూ ఉండేది కాదు. పూర్తి ధర పెట్టి కొనుక్కోవాలి, లేదా కళాశాల బీమా తీసుకోవాలి. అక్కడే చదువుతున్న నా స్నేహితురాలు ట్యూషన్లు చెప్పి ఆదాయాన్ని ఆ రేఖ దాటించుకుంది. అప్పుడు ఆమెకు సిల్వర్ ప్లాను దాదాపు ఉచితంగా వచ్చింది. తక్కువ ఆదాయం ఉన్నవారికి డిడక్టిబుల్ తగ్గించే అదనపు సహాయం సిల్వర్‌కు మాత్రమే ఉంటుంది, గోల్డ్‌కూ బ్రాంజ్‌కూ ఉండదు. 2021 నుంచి ప్రీమియం మీద పెంచిన సహాయం 2025తో ముగిసింది కాబట్టి ఇప్పుడు అవే అంకెలు రావు, కానీ సిల్వర్ నియమం అలాగే ఉంది. రాష్ట్రం సరిహద్దు దాటితే అదే మనిషికి బీమా మారిపోవడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. వైద్యం చదివేవాళ్లం ఈ పటాన్ని శరీరశాస్త్రమంత శ్రద్ధగా తెలుసుకోవాలి, ఎందుకంటే రేపు మన దగ్గరికి వచ్చే రోగులు ఈ గీతలకు అటూ ఇటూ ఉన్నవాళ్లే.

మెడికెయిడ్ అనగానే ఇంట్లో పెద్ద చర్చ. నాన్న ఒప్పుకోలేదు. "మనం ప్రభుత్వ కార్డు తీసుకోవడం ఏమిటమ్మా? నేను కట్టలేనా? కళాశాల బీమా తీసుకో, డబ్బు పంపిస్తాను" అన్నారు. ఆయన మాటలో పరువు ఉంది, ప్రేమా ఉంది. "చిన్నతాతయ్య గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీలోనే కదా నాన్నా అయింది? అప్పుడు ఎవరూ తప్పు పట్టలేదు కదా" అన్నాను. 2007లో ఆ పథకం మొదలయ్యాక మా బంధువుల్లో దాని వల్ల బతికి బట్టకట్టినవాళ్లు ఆయనకు ఎదురుగానే ఉన్నారు. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నీకు అర్హత ఉందంటే తీసుకో తల్లీ, కానీ కాగితాలన్నీ సరిగ్గా ఉండాలి" అన్నారు. అమ్మ అడిగింది ఒక్కటే, "ఇన్హేలరు దొరుకుతుందా?"

కాగితాల విషయంలో నాన్న మాట నిజం. ఆయన పన్ను రిటర్నులో నన్ను ఆధారపడిన వ్యక్తిగా చూపిస్తూ వచ్చారు. అలా చూపిస్తే మెడికెయిడ్ లెక్కలో సాధారణంగా నా కుటుంబ ఆదాయం కిందికి ఆయన జీతం వచ్చేస్తుంది. కానీ నా ఖర్చులో సగానికి పైగా నా పేరు మీద తీసుకున్న రుణంతోనే గడుస్తోంది, కాబట్టి నన్ను అలా చూపించే వీలు ఆయనకు ఇక లేదని పన్ను సలహాదారు తేల్చి చెప్పారు. దానివల్ల ఆయన వదులుకోవలసింది పన్నులో 500 డాలర్ల తగ్గింపు. దరఖాస్తుకు ముందు ఈ సంగతి తేల్చుకోవడం చాలా అవసరం. పౌరసత్వం ఉంది కాబట్టి నాకు ఇంకో చిక్కు రాలేదు. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు కానివాళ్లకు చాలావరకు మెడికెయిడ్ వర్తించదు. వీసా మీద ఉన్నవాళ్లు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా ఏ ప్రభుత్వ సహాయానికీ దరఖాస్తు పెట్టవద్దని నా సలహా.

ఆమోదం వచ్చాక మళ్లీ ఎంపిక. ఒహాయోలో మెడికెయిడ్‌ను కొన్ని మేనేజ్డ్ కేర్ సంస్థల (రాష్ట్రంతో ఒప్పందం ఉన్న బీమా సంస్థల) ద్వారా నడుపుతారు, వాటిలో ఒకదాన్ని మనం ఎంచుకోవాలి. మందుల జాబితా రాష్ట్రమంతటికీ ఒకటే కాబట్టి అమ్మ ప్రశ్నకు జవాబు ఏ సంస్థలోనైనా ఒకటే. అయినా జాబితాలో మందు పేరు కనబడితే చాలదు. నేను బ్యూడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిసిన ఇన్హేలరు వాడుతున్నాను. రోజూ వాడేదీ ఆయాసం వచ్చినప్పుడు వాడేదీ అదే. అలా వాడేవాళ్లకు ఒక్కో నెలలో రెండు అవసరమవుతాయి. చాలా బీమాలు నెలకు ఒకటే ఇస్తామంటాయి. కాబట్టి "ఈ మందు ఉందా" అని మాత్రమే కాక, "నెలకు ఎన్ని ఇస్తారు, ముందస్తు అనుమతి కావాలా" అని కూడా అడగాలి. అడిగాను. డాక్టరు కారణం రాసి పంపితే రెండో దానికి అనుమతి వస్తుందని చెప్పారు, అలాగే వచ్చింది.

సంస్థల మధ్య తేడా అంతా నెట్‌వర్క్‌లోనే ఉంది. వెబ్‌సైటులోని డాక్టర్ల జాబితాను నమ్మకుండా క్లినిక్కులకే ఫోను చేశాను. జాబితాలో పేరున్న ఒక ఊపిరితిత్తుల నిపుణుడి దగ్గర రిసెప్షనిస్టు చాలా మర్యాదగానే, "కొత్తగా మెడికెయిడ్ రోగులను తీసుకోవడం లేదు, ప్రైవేటు బీమా అయితే వచ్చే వారం రావచ్చు" అంది. ఆ వాక్యం విని చాలాసేపు ఫోను పట్టుకుని అలాగే కూర్చున్నాను. అదే ఊపిరితిత్తులు, అదే జబ్బు. మెడికెయిడ్ డాక్టర్లకు తక్కువ చెల్లిస్తుందని తరగతిలో విన్నాను. దాని ఫలితం మనిషి మీద ఎలా పడుతుందో ఆ రోజు నా మీద పడితే తెలిసింది. నేను ప్రాక్టీసు పెట్టాక మెడికెయిడ్ రోగులకు తలుపు మూయకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను. మా బోధనాసుపత్రి క్లినిక్కు తీసుకుంటుందని తెలిసి, ఆ ఆసుపత్రి ఉన్న సంస్థనే ఎంచుకున్నాను. అపాయింటుమెంటుకు రెండు నెలలు ఆగవలసి వచ్చింది.

వైద్య విద్యార్థులకు మాత్రమే ఉండే ఒక అవసరం ఉంది, దాన్ని మా సీనియర్ అక్క చెప్పింది. సర్జరీ రొటేషన్‌లో (ఆ విభాగంలో చేసే శిక్షణలో) కుట్లు వేస్తుండగా ఆమె వేలికి సూది గుచ్చుకుంది. హెచ్‌ఐవీ ఉన్న రోగి రక్తం అలా సూది ద్వారా తగిలితే సోకే అవకాశం దాదాపు 0.3 శాతమే, కానీ 72 గంటలలోపు, వీలైతే గంటలలోనే, మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. రక్త పరీక్షలు, అత్యవసర విభాగం, మందులు, అన్నీ కలిపి బిల్లు వేల డాలర్లలోకి పోతుంది. నర్సుకో రెసిడెంటుకో ఇలా జరిగితే ఉద్యోగులకు ఉండే ప్రమాద పరిహార బీమా చూసుకుంటుంది. విద్యార్థి ఉద్యోగి కాదు, కాబట్టి చాలాచోట్ల బిల్లు ముందు విద్యార్థి సొంత బీమాకే వెళుతుంది. ఆమె బీమా డిడక్టిబుల్ పెద్దది. "రోగికి ఏమీ లేదని పరీక్షలో తేలింది, మందులు ఆపేశాను. బిల్లు మాత్రం ఆగలేదు" అని చెప్పింది. కళాశాల ఎంత భరిస్తుంది, ఎవరికి ఫోను చేయాలి, ఎంతలోపు చేయాలి అన్నది రొటేషన్లు మొదలుకాక ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. నేను అడిగి తెలుసుకున్న జవాబును ఫోనులో దాచుకున్నాను.

ఇంకొక సంగతి పైకి ఎవరూ మాట్లాడరు. తల్లిదండ్రుల బీమాలో ఉన్నంతకాలం మనం ఏ డాక్టరును కలిసినా ఆ వివరాల పత్రం పాలసీ ఎవరి పేరు మీద ఉందో వాళ్లకు వెళుతుంది. మొదటి సంవత్సరం పరీక్షల కాలంలో నిద్ర పట్టక కౌన్సెలింగ్‌కు వెళ్లాలనుకున్నప్పుడు నన్ను ఆపింది ఆ పత్రమే. అమ్మానాన్నలు కోప్పడతారని కాదు, కంగారుపడి మొదటి విమానానికి వచ్చేస్తారని. వివరాలను వేరే చిరునామాకు పంపమని బీమా సంస్థను కోరే హక్కు ఉందని అప్పట్లో నాకు తెలియదు. ఇప్పుడు బీమా నా పేరు మీద ఉంది. నిరుడు కౌన్సెలింగ్‌కు వెళ్లాను, నిద్ర పడుతోంది, ఆ సంగతి నేనే అమ్మకు చెప్పాను.

డిసెంబరు 1 నుంచి మొదలైన మెడికెయిడ్‌లో ఇప్పటిదాకా నా చేతి నుంచి పోయింది దాదాపు ఏమీ లేదు, పళ్ల వైద్యం కూడా అందులోనే అయింది. దీనికి ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ గడువు ఉండదు, ఏడాది పొడవునా ఎప్పుడైనా దరఖాస్తు పెట్టవచ్చు. అర్హతను ఏటా మళ్లీ చూస్తారు. 2025లో వచ్చిన చట్టం వల్ల 2027 నుంచి విస్తరణ కింద ఉన్నవాళ్లకు అది ఆరు నెలలకోసారి అవుతుంది, నెలకు 80 గంటల పని నిబంధనా వస్తుంది. కనీసం సగం కోర్సు భారంతో (హాఫ్ టైమ్) చదువుతున్న విద్యార్థులు ఆ నిబంధనను తీర్చినట్టే, కానీ కళాశాల నుంచి ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోవాలి. మూడో సంవత్సరం రొటేషన్లన్నీ ఒకే ఊరిలోని ఆసుపత్రులలో కాబట్టి నాకు ఈ బీమా సరిగ్గా అమరింది.

నాలుగో సంవత్సరానికి అమరదు. సెప్టెంబరులో నెల రోజుల పాటు టెక్సస్‌లోని ఒక ఆసుపత్రిలో రొటేషన్ చేయాలని ఉంది. ఒహాయో మెడికెయిడ్ రాష్ట్రం బయట అత్యవసర వైద్యానికే తప్ప మామూలు అవసరాలకు పెద్దగా పనికిరాదు. అందుకని ఈ ఆగస్టులో మినహాయింపు కోరకుండా కళాశాల బీమాలో చేరుతున్నాను, ఆ సంగతి మెడికెయిడ్ కార్యాలయానికి కూడా తెలియజేయాలి. ప్రీమియంలో సగం నాన్న ఇస్తానన్నారు, సరేనన్నాను. ఆ బీమా వచ్చే ఏడాది జూలై 31 దాకా ఉంటుంది. రెసిడెన్సీ మామూలుగా జూలై 1న మొదలవుతుంది, ఆసుపత్రి ఇచ్చే ఉద్యోగి బీమా ఆ నెలలో ఎప్పుడు మొదలైనా మధ్యలో ఖాళీ రాదు.